బరంపురం నేతవీధి కూచిపూడి బడి: నాలుగేళ్లుగా వరండాలో కూర్చుంటున్న ఒక తాత సమీక్ష

ప్రతి విజయదశమికి మా మనవరాలు నేర్చుకునే నృత్య పాఠశాల వరండా గోడకు ఒక పెద్ద కాగితం అంటిస్తారు. ఆ ఏడాది పిల్లలకు వచ్చిన బహుమతులు, నెగ్గిన పరీక్షలు, ఇచ్చిన ప్రదర్శనలు, కొత్తగా చేరినవారి వివరాలు అందులో తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడింటిలోనూ రాసి ఉంటాయి. ఈసారి ఆ కాగితాన్ని ఫోటో తీసి బంధువులకు పంపిన పాపానికి ఇచ్ఛాపురం నుంచి ఒకరు, ఊళ్లోనే మరి ఇద్దరు తమ పిల్లలను అక్కడ చేర్పించవచ్చా అని నన్ను అడిగారు. నాలుగేళ్లుగా వారానికి మూడు సాయంత్రాలు ఆ వరండా బల్ల మీద కూర్చుంటున్నవాడిని కనుక ఔననో కాదనో ఒక్క మాటలో తేల్చలేకపోయాను. ఫోనులో చెప్పగా మిగిలినది ఇక్కడ రాస్తున్నాను. బడి పేరు మాత్రం రాయడం లేదు. పేరు వేయవద్దని టీచరుగారు కోరారు. పైగా ఇందులో నా ఫిర్యాదులు కూడా కొన్ని ఉన్నాయి. సాయంత్రం అయిదు దాటాక ఒడిశాలోని బరంపురం నేతవీధుల వైపు నడిచేవారికి చెక్కపలక మీద కర్రతో తాళం వేసే చప్పుడే ఆనవాలు.

మా ఊరి సంగతి తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు మా ఊరున్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. మహురీ రాజులు రాజమహేంద్రవరం వైపు నుంచి నేతగాళ్లను పిలిపించి ఇక్కడ స్థిరపరిచారని ఈ వీధులలో తరతరాలుగా చెప్పుకుంటారు. బరంపురం పట్టుచీర అంచు మీద గుడి గోపురం వంటి కుంభాలు నేసేది ఆ కుటుంబాలవారే. ఇళ్లలో ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు. అయితే పిల్లలు చదివేది ఒడియా బడిలోనో ఇంగ్లీషు బడిలోనో కాబట్టి, అమ్మమ్మతో గలగలా తెలుగు మాట్లాడే పిల్ల తెలుగు అక్షరం కనబడితే బొమ్మను చూసినట్లు చూస్తుంది. మా మనవరాలు చేరేనాటికి సరిగ్గా అలాగే ఉండేది. ఆ బడిలో అరవైమంది పిల్లలుంటే తెలుగు చదవడం వచ్చినవాళ్లు పదిమంది కూడా ఉండరు.

కూచిపూడికి ఇది చిన్న ఇబ్బంది కాదు. ఈ నాట్యంలో నర్తకి పాటకు అభినయించి ఊరుకోదు. సంవాదం తానే పలుకుతుంది, పాత్ర పాట అయిన దరువు కూడా తానే ఎత్తుకుంటుంది. కూచిపూడికి మూలపురుషుడని చెప్పుకునే సిద్ధేంద్రయోగి సంప్రదాయంలో వచ్చిన నాట్యరూపకం భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ వేసి సభలోని పండితులకు సవాలు విసిరేది కూడా మాట బలంతోనే. ఆ మాట నోట పలకనప్పుడు, ఎంత అందంగా చేతులు తిప్పినా, చూసే మాబోటివారికి తెలుగు సినిమాను డబ్బింగులో చూసినట్లుంటుంది. ఈ బడిలో నన్ను మొట్టమొదట ఆకట్టుకున్నది, నేటికీ అక్కడ అన్నింటికన్నా విలువైనదని నేను అనుకునేది, ఈ ఇబ్బందిని టీచరుగారు ఎదుర్కొన్న తీరు.

పిల్లలందరూ సాహిత్యాన్ని నోటు పుస్తకంలో ఒడియా లిపిలోనే రాసుకుంటారు. వింటే తేలికే అనిపిస్తుంది. చిక్కు ఎక్కడ వస్తుందో నేను వరండాలో కూర్చుని కళ్లారా చూశాను. ఒడియాలో మనకున్నట్లు ఎ, ఏ వేరువేరు అక్షరాలు కావు; ఒ, ఓ కూడా అంతే. నాట్యానికి పాడే శృంగార గీతాలైన పదాలలోను, జావళీలలోను అడుగడుగునా వచ్చే ‘ఏల’ అనే మాటను ఒడియా లిపిలో రాసుకున్న పిల్ల, పదిహేను రోజుల తరువాత పుస్తకం తెరిచి దానిని ‘ఎల’ అని చదివింది. ఎందుకు అని నిలదీయవలసిన నాయిక లేతది అంటూ చేయి చాపింది. అర్థం పోవడం ఒక నష్టం. రెండు మాత్రల అక్షరం ఒక మాత్రకు కుదించుకుపోవడంతో ఆదితాళంలో తరువాతి మాట ముందుకు జారి, పాదం ఒకచోట, పాట ఒకచోట పడడం రెండవ నష్టం. వీటికి తోడు ఒడియా వాడుకలో పదం చివరి అకారం ఒకారంలా పలుకుతుంది కనుక, చదువరి పిల్ల ఎంత శ్రద్ధగా చదివితే ‘భామ’ అంతగా ‘భామొ’ అవుతుంది.

టీచరుగారు దీనికి కనిపెట్టిన ఉపాయం చాలా మామూలుది. దీర్ఘం పలకవలసిన ప్రతి ఏకార, ఓకారం మీద ఎర్ర పెన్సిలుతో అడ్డగీత, విప్పి పలకవలసిన అకారం కింద చుక్క పెట్టిస్తారు. గీతలు పెట్టడం పూర్తయ్యాక పిల్లలందరినీ నేల మీద కూర్చోబెట్టి, అడుగు వేయనివ్వకుండా, చేతితో తాళం వేస్తూ ఆ పంక్తిని కనీసం పదిసార్లు పలికిస్తారు. అప్పుడే అర్థం కూడా చెబుతారు, అదీ ఇంట్లో మాట్లాడే తెలుగులో. ‘విరహం’ అంటే ఏమిటని ఒక చిన్నపిల్ల అడిగితే, ‘సూరత్ మిల్లుకి వెళ్లిన నాన్న ఫోను చెయ్యకపోతే మీ అమ్మ పడే దిగులు’ అని చెప్పిన రోజున వరండాలో ఉన్న ఆడవాళ్లంతా ఒక్కసారిగా మాటలు ఆపేశారు. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వలస పోయిన ఇళ్లు మా వీధుల చుట్టూ చాలానే ఉన్నాయి. మూడవ ఏడు వచ్చేసరికి, ఎవరూ ప్రత్యేకంగా నేర్పకుండానే, మా మనవరాలు ఎర్రగీతలతో విసిగిపోయి ‘తాతా, తెలుగు అక్షరాలే నేర్పెయ్యి, ఇదెక్కడి గొడవ’ అంది. నేర్పాను. ఈ సంగతి గోడ మీది కాగితంలో ఎక్కడా ఉండదు.

ఒడిశాలో కూచిపూడి నేర్పడంలో ఇంకొక చిక్కు ఉంది, అది శరీరానికి సంబంధించినది. ఇక్కడి పిల్లలు పుట్టినప్పటి నుంచి ప్రతి సభలోను ఒడిస్సీ చూస్తారు. పాదాలు బాగా ఎడంగా పెట్టి బరువును రెండింటి మీద సమానంగా నిలిపే ‘చౌక’ భంగిమ, అలాగే మెడ, నడుము, మోకాలు మూడుచోట్ల ఒంపు తిరిగే ‘త్రిభంగి’ వాళ్ల కళ్లలోనే ఉంటాయి. మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్లు నిలబడే అరమండి వేయమంటే తెలియకుండానే చౌకలోకి దిగిపోతారు; మొండెం పక్కకు జారుతుంది. దీనిని సరిదిద్దేటప్పుడు కొందరు గురువులు ఒడిస్సీని చిన్నబుచ్చే మాటలు అనడం నేను వేరేచోట విన్నాను. ఈ టీచరుగారు అలా చేయరు. రెండు భంగిమలనూ తానే పక్కపక్కన వేసి చూపించి, ‘అది వాళ్ల ఇల్లు, ఇది మన ఇల్లు, గుమ్మం ఎక్కడుందో చూసుకుని నడవండి’ అంటారు. ఊళ్లో మృదంగం వాయించేవారు దొరకడం కష్టం కనుక, ఒడిస్సీకి మర్దళం వాయించే ఒక వాద్యకారుడు నెలకొకసారి వచ్చి జతులకు, అంటే అడుగుల లయ పలుకులకు, వాయిస్తారు. మర్దళం నాదం మృదంగానికి పూర్తిగా సాటి రాదు. నాలాంటి పాతకాలపు చెవికి మొదట వెలితిగానే తోచింది. అయినా పెన్ డ్రైవ్ పాట కన్నా ఎదురుగా కూర్చుని పిల్ల పాదం చూసి వాయించే మనిషి నయం. పిల్ల తడబడితే ఆయన చేయి కూడా ఆమె కోసం ఒక్క క్షణం ఆగుతుంది.

ఇక తరంగం. కృష్ణలీలల మీద నారాయణతీర్థులు రాసిన తరంగం అనే పాటకు ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి ఆడడం కూచిపూడికి ప్రత్యేకమని అందరికీ తెలిసినదే. అందుకే తల్లిదండ్రుల తొందర అంతా పళ్లెం గురించే. రెండవ ఏడాదిలోనే పళ్లెం ఎక్కించమని టీచరుగారి మీద ఒత్తిడి తెచ్చినవారిని చూశాను. సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను, వారిలో నేనూ ఒకణ్ణి. ఆవిడ లొంగలేదు. ఆఖరికి నాలుగవ ఏట ఈ ఆషాఢంలో మా మనవరాలి వంతు వచ్చింది. ఇంట్లో మా ఆవిడ భోజనానికి వాడే ఇత్తడి పళ్లెం తోమి తీసుకువెళ్లాం. టీచరుగారు దానిని చేతిలోకి తీసుకుని, అంచు మీద బొటనవేలు ఒకసారి నడిపి, ‘తాతగారూ, ఇది అన్నానికి పనికొస్తుంది, పాదానికి కాదు. పల్చటి అంచు అరికాలును కోసేస్తుంది’ అని తిరిగి ఇచ్చేశారు. మందపాటి అంచు ఉన్న పళ్లెం చేయించి తెచ్చాక, మొదటి వారం పాట లేదు, తాళం లేదు. పిల్ల గోడ పట్టుకుని అంచు మీద నిలబడడం, దిగడం, మళ్లీ నిలబడడం, అంతే. రెండవ వారం గోడ వదిలి, మోకాళ్లు వంచి, నడుము పైభాగం కదలకుండా బరువును ఒక పాదం నుంచి మరొక పాదానికి మార్చడం నేర్పారు. పళ్లెం మొదట కదలలేదు. తరువాత గచ్చు మీద కర్రుమని జానెడు జరిగింది. ఆ చప్పుడుకు లోపల ఉన్న పిల్లలంతా చప్పట్లు కొడితే టీచరుగారు ఊరుకోమని గదమాయించి, ‘మళ్లీ’ అన్నారు.

ఇప్పుడు కాగితం మీది ఘనతల సంగతి. నా లెక్కలో వాటిలో రెండు నిజంగా గొప్పవి. ఈ ఏడాది ఇద్దరు పిల్లలు సీసీఆర్‌టీ అనే కేంద్ర సంస్థ ఇచ్చే సాంస్కృతిక ప్రతిభా ఉపకారవేతనానికి ఎంపికయ్యారు. పది నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు ఇచ్చే ఈ వేతనం ఏడాదికి 3,600 రూపాయలు. దానితోపాటు గురువుకు కట్టే రుసుము కూడా ఒక పరిమితి వరకు తిరిగి ఇస్తారు. డబ్బు చూస్తే పెద్దది కాదు గాని, పిల్లను నిపుణుల ముందు నిలబెట్టి పరీక్షించి ఇచ్చేది కనుక దానికి విలువ ఉంది. ఆ ఇద్దరిలో ఒకరు మగ్గం కుటుంబం పిల్ల. రెండవది, ఆరుగురు పెద్దపిల్లలు విజయనగరం వెళ్లి సర్టిఫికెట్ పరీక్ష ఇచ్చి ఆరుగురూ నెగ్గడం. 1919లో ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడుగా సంగీత కళాశాల వెలసిన ఊరది. అక్కడి పరీక్షకుల ముందు శాస్త్రభాగం కూడా చెప్పి నెగ్గి వచ్చారంటే, ఎర్రగీతల పుస్తకాలు వృథా పోలేదన్నమాట.

మిగతా అంశాలలో సగానికి పైగా నేను కొట్టివేస్తాను. వేలమందితో ఒకేసారి ఆడించే సామూహిక ప్రదర్శనలో ఇద్దరు పాల్గొన్నారని ఒకచోట ఉంది. 2010 డిసెంబరులో హైదరాబాదు గచ్చిబౌలిలో 2,800 మందికి పైగా ఒక్కసారిగా కూచిపూడి ఆడి గిన్నిస్ పుస్తకానికి ఎక్కినప్పటి నుంచి ఈ మోజు తగ్గలేదు. పిల్లలకు అది మంచి విహారమే, కాదనను. అంత గుంపులో ఏ పిల్ల అరమండి ఎంత దిగిందో ఎవరు చూడవచ్చారు కనుక దానిని ఈ బడి ఘనతగా లెక్కించలేను.

అసలు నా ఫిర్యాదు కిందటి ఏడాది కాగితం గురించి. అందులో పెద్ద అక్షరాలతో ‘జాతీయస్థాయి ప్రథమ బహుమతి’ అని నా మనవరాలి పేరు కూడా ఉండింది. ఆ పోటీకి పిల్లను తీసుకువెళ్లినది నేనే. ప్రవేశ రుసుము 1,500 రూపాయలు, రైలు, బస, అద్దె నగలు అదనం. ఉదయం ఏడింటికి అలంకరణ ముగించుకున్న పిల్లను సాయంత్రం నాలుగింటికి వేదిక ఎక్కించారు. ఏడు నిమిషాల అంశానికి నాలుగవ నిమిషంలో పాట ఆపేశారు. న్యాయనిర్ణేతలలో ఒకరు అప్పుడు ఫోనులో మాట్లాడుతున్నారు. అయినా మా పిల్లకు ప్రథమ బహుమతి వచ్చింది. అదే విభాగంలో మరో పదకొండుమందికి కూడా ప్రథమ బహుమతే వచ్చింది. నిలువెత్తు కప్పు పట్టుకుని రైల్లో నిద్రపోయిన ఆ పిల్లకు ఏమి చెప్పాలో నాకు తోచలేదు. నిర్వాహకుల తీరు అలా ఉండగా, అన్నీ తెలిసిన బడి దానిని గోడకెక్కించడం నాకు నచ్చలేదు. ఆ మాటే టీచరుగారితో అన్నాను. ‘పక్క వీధి డ్యాన్సు క్లాసు వాళ్లు ఫ్లెక్సీలు కడుతుంటే, ఈ కాగితం కూడా లేకపోతే కొత్త పిల్లలు రారు, తాతగారూ’ అన్నారావిడ. అందులోని నిజాన్ని కాదనలేకపోయాను, ఒప్పుకోనూ లేకపోయాను. ఈ ఏడాది కాగితంలో అటువంటివన్నీ కింద ‘పాల్గొన్నవి’ అనే శీర్షికలోకి దిగాయి. బహుమతి అన్న మాట తీసేశారు.

కాగితంలో ఒక్క వాక్యంతో సరిపెట్టిన మరొక విషయం నాకు ఎంతో ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. మా ఊళ్లో రెండేళ్లకొకసారి చైత్రమాసపు రోజులలో బూఢీ ఠాకురాణి యాత్ర జరుగుతుంది. నేతకులపెద్ద అయిన దేశీ బెహరా ఇల్లే పుట్టిల్లన్నట్లు అమ్మవారు నేతవీధికి వస్తుంది. నెలరోజులపాటు రాత్రుళ్లు పులివేషాలు, పగటివేషాలు వీధులు తొక్కుతాయి. గత యాత్రలో ఈ బడి పిల్లలు వేదిక కట్టించుకోకుండా, వీధిలోనే చాపలు పరచి, భామాకలాపం నుంచి ఒక ఘట్టం ఆడారు. సత్యభామ వేసినది పద్నాలుగేళ్ల అబ్బాయి. ఈ బడిలో మగపిల్లలు నలుగురే ఉన్నారు, వాళ్లు కూడా తోటి కుర్రాళ్ల వెక్కిరింతలకు తట్టుకుని నిలిచినవారు. కూచిపూడి ఊరిలో ఒకప్పుడు ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలనే నియమం ఉండేదని, స్త్రీ వేషాలతోనే వేదాంతం సత్యనారాయణ శర్మ గారు పద్మశ్రీ అందుకున్నారని, ఇటు ఒడిశాలో గోటిపువ మగపిల్లలు ఆడవేషం కట్టి ఆడే నాట్యమేనని టీచరుగారు ఆ రోజు ఆటకు ముందు రెండు భాషలలోనూ చెప్పారు. అబ్బాయి జడ తెర మీదుగా పడగానే పులివేషం వేసుకుని పక్కన నిలబడ్డ ఒకాయన ముఖం మీది తొడుగు పైకెత్తి చూడడం నాకింకా గుర్తుంది.

సౌకర్యాల విషయంలో చెప్పడానికి మంచి మాటలు తక్కువ. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు పాత షెడ్డు రేకులు ఎగిరిపోయాయట. ఇప్పటి హాలు ఒక పాత మగ్గాల ఇంటి కింది భాగం. నేల గట్టి సిమెంటు గచ్చు. చెక్కనేల గానీ, మందపాటి చాప గానీ లేకపోవడం వలన మొదటి ఏడాది పిల్లలకు మోకాలి కింద ఎముక నొప్పి వస్తుంది. మా పిల్లకూ వచ్చింది. వైద్యుడు మూడు వారాలు అడుగు వేయవద్దన్నారు. మరుగుదొడ్డి ఒక్కటే. మగపిల్లలు దుస్తులు మార్చుకోవడానికి వేరే గది లేక, మెట్ల కింద దుప్పటి కట్టుకుంటారు. మంచినీళ్లు ఇంటి నుంచే తెచ్చుకోవాలి.

రుసుము మాత్రం ఊరికి తగినట్లే ఉంది. చిన్నపిల్లలకు నెలకు 500, పెద్దవారికి 800. మగ్గం ఇళ్ల పిల్లలకు అందులో సగం. తొలి పూర్తి ప్రదర్శన అయిన రంగప్రవేశం పేరుతో హాలు, విందు, వాద్యబృందం అంటూ లక్షలు ఖర్చు పెట్టించే పద్ధతి ఇక్కడ లేదు. విజయదశమినాడు అర్హులైన పిల్లలందరికీ కలిపి గజ్జెపూజ చేయించి, ఒక్కొక్కరిచేత ఒక్కో అంశం ఆడించి ఊరుకుంటారు. దుస్తులు కూడా అద్దెకు తెచ్చుకోమనరు. నేతలో చిన్న లోపం వల్ల అమ్ముడుపోని పట్టుచీరలు వీధిలోనే తక్కువ ధరకు దొరుకుతాయి. వాటితోనే, ముందు విసనకర్ర కుచ్చిళ్లతో సహా, ఒక దర్జీ కుట్టి ఇస్తాడు. పిల్ల ఎదుగుతుందని మడతలలో బట్ట ఉంచి కుట్టడం అతని ప్రత్యేకత. మా పిల్ల మూడేళ్లుగా ఒకే జత వేసుకుంటోంది.

బోధనలో నాకున్న అసంతృప్తి ఒక్కటే. మొదటి రెండేళ్లు నాలుగు, మూడు లెక్కల చతురస్ర, తిశ్ర జతులు, అడుగులు తప్ప అభినయం ఊసు ఉండదు. పునాది గట్టిగా పడాలన్న టీచరుగారి వాదన సరైనదే. అయినా ఏడేళ్ల పిల్లకు కళ్లతో ఒక చిన్న కథైనా చెప్పించకపోతే విసుగు పుడుతుంది. నేను చూస్తుండగానే మా పిల్లతో చేరిన పదకొండుమందిలో ఆరుగురు రెండవ ఏడు నిండకుండానే మానేశారు. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు ఫ్లెక్సీలు కట్టే పక్క వీధి క్లాసులో ఉన్నారు.

నన్ను అడిగిన ముగ్గురికీ నేను చేర్పించమనే చెప్పాను. ఇచ్ఛాపురం వారికి పాతిక కిలోమీటర్ల ప్రయాణం, రాత్రి తిరుగు బస్సు సంగతి కూడా ఆలోచించుకోమన్నాను. చూడాలనుకునేవారు పండుగ ప్రదర్శనకు వచ్చి నిర్ణయించుకోకండి, మామూలు మంగళవారం సాయంత్రం వచ్చి వరండాలో ఒక గంట కూర్చోండి. క్లాసు అయిదున్నరకు మొదలవుతుంది. అయిదు నిమిషాలు ఆలస్యమైనా తలుపు వేసేస్తారు, బయట చిక్కుకున్న పిల్లలు నమస్కారం అయ్యేవరకు బల్ల మీద నా పక్కనే కూర్చోవాలి.